చుక్కల ముగ్గు, మట్టికుండ, రోకలి: స్కూల్ ప్రాజెక్టుకు ఇవి చాలవా?

స్కూల్ సైన్స్ ఫెయిర్ ఏ ఊళ్లో జరిగినా ఒకేలా ఉంటుంది. వరుసగా బల్లలు, వాటి మీద రంగు కాగితం, ఆ పైన థర్మోకోల్. ఒక బల్ల మీద వెనిగర్ పోస్తే నురగ కక్కే వంట సోడా అగ్నిపర్వతం. దాని పక్కన ప్లూటోను ఇంకా వదలని సౌర కుటుంబం. మరో పక్కన వాననీటి సంరక్షణ నమూనా. ముఖ్య అతిథి రాగానే పిల్లలు కంఠస్థం చేసిన నాలుగు వాక్యాలు గబగబా అప్పజెబుతారు. చప్పట్లు మోగుతాయి, ఫొటోలు దిగుతారు. సాయంత్రానికి అగ్నిపర్వతం స్కూలు వెనక చెత్తకుప్పకు చేరుతుంది.

ఆ పిల్లలను ఎవరైనా ఆపి, "వెనిగర్ బదులు నిమ్మరసం పోస్తే నురగ ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా?" అని అడిగితే జవాబు రాదు. అది పిల్లల తప్పు కాదు. వాళ్లను ఎవరూ ఆ ప్రశ్న అడగనివ్వలేదు. నమూనా చేయమన్నారు, చేశారు. కొందరు దుకాణంలో కొనుక్కొచ్చారు, కొందరికి ఇంట్లో పెద్దవాళ్లు చేసిపెట్టారు.

నమూనాకూ ప్రాజెక్టుకూ తేడా ఇక్కడే ఉంది. జవాబు ముందే తెలిసిన విషయాన్ని అందంగా చూపించేది నమూనా. జవాబు తెలియని ప్రశ్నతో మొదలయ్యేది ప్రాజెక్టు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులు కేటాయించారు. ఉద్దేశం మంచిదే. ఆచరణలో మాత్రం ఆ మార్కులు చాలాచోట్ల థర్మోకోల్‌కే పోతున్నాయి. పిల్లలు రోజూ చూసే వస్తువుల్లో, చేసే పనుల్లో దాగిన అర్థాన్ని తామే వెలికితీసేలా ప్రాజెక్టులు మారాలి. దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. మార్కులు దేనికి వేస్తున్నామో మార్చుకుంటే సగం పని అయిపోతుంది.

ముగ్గులో లెక్క

ఇంటి ముందు వేసే మెలికల ముగ్గునే తీసుకుందాం. చుక్కలను దీర్ఘచతురస్రంలా, మూడు వరుసల్లో వరుసకు నాలుగు చొప్పున పెట్టాలి. గీత ఏ చుక్కనూ తాకకూడదు. పక్కపక్క చుక్కల మధ్య నుంచి ఏటవాలుగా వెళ్లాలి. అంచుకు చేరాక, క్యారమ్ బోర్డు అంచుకు తగిలిన స్ట్రైకర్‌లా వెనక్కి తిరగాలి. ఇలా వేస్తే చేయి ఎత్తకుండా ఒకే గీతతో ముగ్గంతా పూర్తవుతుంది, మొదలుపెట్టిన చోటికే తిరిగి వస్తుంది.

ఇప్పుడు మూడు వరుసల్లో మూడేసి చుక్కలు పెట్టి చూడాలి. ఒక గీతతో పూర్తి కాదు. మూడు వేర్వేరు గీతలు కావాలి. నాలుగు వరుసల్లో ఆరేసి చుక్కలు పెడితే రెండు గీతలు. ఐదు వరుసల్లో ఆరేసి పెడితే మళ్లీ ఒక్కటే.

ఈ అంకెలను ఒక పట్టికలో రాసుకుంటూ పోతే, ఆరో తరగతి పిల్లలకైనా ఏదో ఒక క్షణంలో కిటుకు తడుతుంది. కావలసిన గీతల సంఖ్య, వరుసల సంఖ్యకూ వరుసలోని చుక్కల సంఖ్యకూ ఉన్న గరిష్ఠ సామాన్య భాజకం. పుస్తకంలో గ.సా.భా. అని బట్టీపట్టిన ఆ అంకె వాకిట్లో పిండితో గీసిన గీతల్లో కనబడుతుంది.

ఇది కేవలం పిల్లల ఆట కాదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరొమోనీ, ఆయన సహచరులు 1970ల్లో తమిళనాడు కోలాలను కంప్యూటర్ సైన్స్ దృష్టితో అధ్యయనం చేశారు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకూ నియమాలు రాయవచ్చని చూపించారు. ఆఫ్రికాలోని అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుకలో గీసే 'సోనా' బొమ్మల్లోనూ ఇలాంటి చుక్కలూ గీతలే ఉంటాయి. మొజాంబిక్‌లో పనిచేసిన గణితవేత్త పౌలస్ గెర్డెస్ వాటి మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. రెండు ఖండాల్లో, ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషుల చేతుల్లో ఒకే గణితం పలికిందంటే అది ఏ తరగతి గదిలోనైనా ఒక పీరియడ్ కేటాయించదగ్గ విషయమే.

కుండ చెప్పే వాతావరణం

వేసవిలో కుండనీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయంటే, కుండ గోడల్లోని సన్నటి రంధ్రాల గుండా నీరు ఊరి బయట ఆవిరవుతుంది కాబట్టి అని పిల్లలు టక్కున చెబుతారు. అక్కడితో పాఠం అయిపోతుంది. ప్రాజెక్టు మొదలవ్వాల్సింది మాత్రం అక్కడే. ఎంత ఆవిరైతే ఎంత చల్లబడుతుంది?

ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. ఆ వేడిలో ఎక్కువ భాగం కుండలోని నీటి నుంచే వస్తుంది. 10 లీటర్ల కుండలో కేవలం 100 మిల్లీలీటర్లు, అంటే నూటికి ఒక వంతు ఆవిరైతే, బయటి నుంచి వేడి చేరకపోయినట్లయితే మిగతా నీరు దాదాపు 5 నుంచి 6 డిగ్రీలు చల్లబడాలి. నిజానికి బయటి వేడి కొంత లోపలికి చేరుతూనే ఉంటుంది. లెక్కకూ కొలతకూ మధ్య ఉన్న ఆ తేడాను పట్టుకోవడమే ప్రాజెక్టు. ఒక థర్మామీటర్, కిరాణా కొట్టులోని తూకం, ఒక నోటుపుస్తకం ఉంటే సరిపోతుంది.

కొత్త కుండ బాగా చల్లబరుస్తుందా, పాతదా? ఉప్పు శాతం ఎక్కువున్న బోరు నీళ్లు పోస్తూ ఉంటే కుండ పనితనం తగ్గుతుందా? తడిగుడ్డ చుడితే ఎంత తేడా వస్తుంది? అనంతపురంలో చల్లబడినంతగా కాకినాడలో ఎందుకు చల్లబడదు? ఈ చివరి ప్రశ్నకు జవాబు గాలిలోని తేమలో ఉంది. సముద్రతీరంలో గాలి అప్పటికే తడిగా ఉంటుంది కాబట్టి ఆవిరి కావడం మందగిస్తుంది. రెండు ఊళ్ల పిల్లలు ఒకే రోజు ఒకే సమయానికి కొలతలు తీసి ఒకరికొకరు పంపుకుంటే, పుస్తకంలోని 'ఆర్ద్రత' అనే మాట వాళ్ల చేతికి అందుతుంది.

ఇందులో ఇంకో లోతైన విషయం ఉంది. కుండ చల్లబడే సూత్రమే మనిషి ఒంటికీ వర్తిస్తుంది. చెమట ఆవిరైతేనే శరీరం చల్లబడుతుంది. అందుకే వడగాలుల తీవ్రతను చెప్పేటప్పుడు శాస్త్రవేత్తలు మామూలు ఉష్ణోగ్రతతో పాటు తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రతనూ లెక్కలోకి తీసుకుంటారు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. 40 డిగ్రీల ఎండ రెండు ఊళ్లలో ఒకేలా ఎందుకు ఉండదో కుండ ద్వారా తెలుసుకున్న అమ్మాయి, మధ్యాహ్నం పొలానికి బయలుదేరిన తాతను ఎందుకు ఆపాలో కూడా తెలుసుకుంటుంది.

పెనం, మృదంగం, తేనెటీగలు

దోసె వేసే ముందు పెనం మీద నీళ్లు చిలకరించడం ప్రతి ఇంట్లో ఉన్నదే. పెనం కాస్త వేడెక్కితే చుక్క చుయ్‌మని ఇగిరిపోతుంది. మరీ కాలిన ఇనుప పెనం మీద మాత్రం అదే చుక్క ముత్యంలా గుండ్రంగా మారి అటూ ఇటూ పరుగెడుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. ఎక్కువ వేడి మీద ఎక్కువసేపు బతకడం వింతే. చుక్క అడుగున ఏర్పడిన ఆవిరి పొర దాన్ని పెనానికి తగలకుండా మోస్తుంది. ఈ ప్రభావాన్ని వివరంగా రాసిన జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ పుస్తకం 1756లో వెలువడింది. పెద్దవాళ్లు పక్కన ఉండగా, పెనం వేడెక్కుతున్న కొద్దీ ఒక్కో చుక్క ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకుంటే చాలు. మొదట తగ్గి, తర్వాత అకస్మాత్తుగా పెరిగే గ్రాఫ్ వస్తుంది. వంట చేసేవాళ్లకు చూపుతో తెలిసిన విషయం అంకెలుగా కాగితం మీదికి వస్తుంది.

ఇలాంటి ప్రశ్నలను చిన్నవని కొట్టిపారేయనివాళ్లలో సి.వి. రామన్ ఒకరు. మృదంగం, తబలా మాత్రమే ఇతర డప్పుల్లా కాకుండా శ్రావ్యంగా స్వరం పలకడానికి కారణమేమిటని ఆయన వెతికారు. శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో ఆ ఫలితాలను ప్రచురించారు. తోలు మధ్యలో వేసే నల్లటి ముద్దలో ఉంది ఆ రహస్యం. రామన్ ఫలితం వెలువడిన ఫిబ్రవరి 28ని ఏటా జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు ఆయన బొమ్మకు దండ వేసే స్కూల్లోనే, సంగీతం గదిలోని మృదంగం మూగగా ఉండిపోతోంది. ఇప్పుడు ధ్వనిలోని పౌనఃపున్యాలను విడదీసి చూపే ఉచిత ఆప్‌లు మామూలు ఫోన్‌లోనే పనిచేస్తున్నాయి. డప్పునూ మృదంగాన్నీ పక్కపక్కన వాయించి పోల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు.

పిల్లలు అడిగే ప్రశ్నలు పిల్ల ప్రశ్నలుగానే మిగిలిపోతాయనుకోవడమూ పొరపాటే. ఇంగ్లండ్‌లోని బ్లాకాటన్ అనే పల్లె బడిలో 8 నుంచి 10 ఏళ్ల పిల్లలు పాతికమంది తుమ్మెద జాతి తేనెటీగల మీద ఒక ప్రయోగం చేశారు. ఏ పువ్వు మీద వాలాలో నిర్ణయించుకోవడానికి అవి రంగును ఒక్కదాన్నే కాక, రంగుల అమరికనూ గుర్తుపెట్టుకుంటాయని తేల్చారు. ఆ పత్రం 2010లో 'బయాలజీ లెటర్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చింది. బొమ్మలు పిల్లలు రంగు పెన్సిళ్లతో వేసినవే. రాత కూడా పిల్లల మాటల్లోనే, కథ చెప్పినట్టు సాగుతుంది. సృజన అంటే చార్టుకు తళుకులు అంటించడం కాదు. ప్రశ్నను తనదిగా చేసుకుని, దానికి దారి తానే వెతుక్కుని, దొరికినదాన్ని తన మాటల్లో చెప్పడం.

నవ్విన గురువు, నిలిచిన ప్రశ్న

టాంజానియాలో 1963లో ఎరాస్టో ఎంపెంబా అనే విద్యార్థి స్కూల్లో ఐస్‌క్రీమ్ చేస్తూ ఒక విషయం గమనించాడు. చల్లారకముందే ఫ్రీజర్‌లో పెట్టిన వేడి పాలు, చల్లారిన పాలకన్నా ముందే గడ్డకట్టాయి. ఎందుకని అడిగితే ఉపాధ్యాయుడు నమ్మలేదు, తోటివాళ్లు ఎగతాళి చేశారు. తర్వాత అతను చదివిన మరో స్కూలుకు వచ్చిన డెనిస్ ఆస్బర్న్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుణ్ణి కూడా అతను అదే ప్రశ్న అడిగాడు. ఆస్బర్న్ నవ్వి ఊరుకోకుండా ప్రయోగం చేయించారు. 1969లో ఇద్దరి పేర్లతో పత్రం వచ్చింది.

కథ అక్కడితో సుఖాంతం అయిపోలేదు. జాగ్రత్తగా కొలిస్తే అలాంటి ప్రభావమేదీ కనిపించడం లేదని 2016లో మరో పరిశోధన బృందం ప్రకటించింది. చర్చ ఇంకా నడుస్తోంది. ఎంపెంబా గమనించినది నిజంగా ఉందా లేదా అన్నది పక్కన పెట్టినా, ఒక బడిపిల్లవాడి ప్రశ్న యాభై ఏళ్ల తర్వాత కూడా ప్రయోగశాలలకు పని పెట్టింది. ఉపాధ్యాయుడి వెక్కిరింతకు అతను నోరు మూసుకుని ఉంటే ఆ పని జరిగేది కాదు. మన తరగతి గదుల్లో ఎన్ని ప్రశ్నలు అలా నోట్లోనే ఆగిపోతున్నాయో ఊహించడం కష్టం కాదు. "నాకూ తెలియదు, కొలిచి చూద్దాం" అనగలిగే ఉపాధ్యాయుడు ఏ ప్రయోగశాల కన్నా విలువైనవాడు.

అర్థం వెతకడం వేరు, అంటగట్టడం వేరు

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. రోజువారీ జీవితంలో దాగిన అర్థం అనగానే ప్రతి ఆచారానికీ ఒక 'సైంటిఫిక్ కారణం' తగిలించే వాట్సాప్ సందేశాలు గుర్తుకొస్తాయి. ముగ్గులో గ.సా.భా. కనిపించింది కాబట్టి పూర్వం అమ్మమ్మలు గణితం నేర్పడానికే ముగ్గులు పెట్టారని ఎవరైనా రాస్తే అది అబద్ధం. ముగ్గు అందం కోసం, ఆచారం కోసం వేశారు. అందులో గణితం ఉంది. ఈ రెండూ వేర్వేరు వాక్యాలు. వాటి మధ్య తేడా తెలియడమే సైన్స్ చదువు.

రోకలి మంచి ఉదాహరణ. గ్రహణం వచ్చిన ప్రతిసారీ పళ్లెంలో నీళ్లు పోసి నిలబెట్టిన రోకళ్ల వీడియోలు ఊరూరా తిరుగుతాయి. గ్రహణం విడిచాక రోకలి దానంతట అదే పడిపోతుందని చెబుతారు. దీన్ని ప్రాజెక్టుగా ఎలా మలచాలి? "ఇది మూఢనమ్మకం" అని గురువు కొట్టేస్తే పిల్లలు ఒక పెద్దాయన మాట బదులు ఇంకో పెద్దాయన మాట నమ్మినట్టే అవుతుంది. దాని బదులు, గ్రహణం లేని పది రోజుల్లో రోజుకు పదిసార్లు రోకలి నిలబెట్టి చూడమనాలి. ఎన్నిసార్లు నిలిచిందో రాయమనాలి. గ్రహణం రోజున కూడా అన్నిసార్లే చేయమనాలి. అడుగున పొన్ను చదునుగా ఉన్న రోకలి, దాని గరిమనాభి ఆ అడుగు భాగం దాటి పోనంతవరకు ఏ రోజైనా నిలుస్తుంది. ఎవరూ కదపకపోతే గ్రహణం విడిచాకా నిలిచే ఉంటుంది. ఆ సంగతి పిల్లలకు వాళ్ల పట్టికే చెబుతుంది. ఇంటికి వెళ్లి నాయనమ్మతో వాదన పెట్టుకోవాల్సిన పని లేదు. "నాయనమ్మా, ఈ రోజు గ్రహణం లేదు కదా, రా చూపిస్తా" అంటే చాలు.

శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతోంది. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చిన ఆ మాట పౌరశాస్త్రం పుస్తకంలో నిర్వచనంగా మిగిలిపోతోంది. రోకలి పట్టిక దాన్ని ఆచరణలోకి తెస్తుంది.

దారి కొత్తది కాదు

ఇదంతా కలలా అనిపిస్తే, దేశంలో ఇప్పటికే జరిగిన పనిని గుర్తు చేసుకోవాలి. మధ్యప్రదేశ్‌లో 1972లో 16 గ్రామీణ పాఠశాలలతో హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమం మొదలైంది. పిల్లలు చుట్టుపక్కల దొరికే వస్తువులతో ప్రయోగాలు చేసి తామే నిర్ధారణకు వచ్చేవారు. పరీక్ష కూడా పుస్తకం తెరిచే రాసేవారు, అందులో ప్రయోగాలు ఉండేవి. వందల పాఠశాలలకు విస్తరించిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. బడిని బయటి జీవితంతో ముడిపెట్టాలన్న మాటను 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తన మార్గదర్శక సూత్రాల్లో మొదటిగా పెట్టుకుంది.

1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్య మీద పరిశోధన చేసి తమ భాషలోనే సమర్పించవచ్చు. ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి 10 వేల రూపాయలు ఇస్తున్నారు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పది వేల స్కూళ్లకు చేరాయి. వేదికలకు కొరత లేదు. అయితే ఇవి ఎంపికైన కొద్దిమందికే అందుతాయి. మిగతా తరగతికి మిగిలేది మళ్లీ థర్మోకోలే.

తరగతిలో యాభైమంది, తరగని సిలబస్, ల్యాబ్ గదికి తాళం. ఇంత భారంలో ఇదెలా సాధ్యమని ఉపాధ్యాయులు అడగడం న్యాయమే. అందుకే ఒక్కొక్కరికి ఒక్కో ప్రాజెక్టు అక్కర్లేదు. తరగతి మొత్తానికి ఒకే ప్రశ్న చాలు. యాభై ఇళ్లలోని కుండలను కొలిస్తే యాభై కొలతలు వస్తాయి. ఒక ల్యాబ్‌లో ఒక కుండను కొలిచిన దానికన్నా అది మెరుగైన సమాచారం. కొలతలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవలేదన్న చర్చే ఒక మంచి పాఠం. కుండ లేని ఇల్లు ఉంటే పక్కింటి కుండ, లేదా బడిలోని కుండ. ఎవరి ఇంట్లో ఏముందన్నది మార్కులకు కొలమానం కాకూడదు.

మార్కుల విధానంలో మూడు మార్పులు చేస్తే చాలు. ఒకటి, ప్రాజెక్టు పేరు ప్రశ్న రూపంలోనే ఉండాలి. 'నీటి ఆవిరి' కాదు, 'మా కుండ రాత్రి ఎక్కువ చల్లబడుతుందా, పగలా?' అని ఉండాలి. రెండు, మార్కులు చార్టుకు కాక రోజువారీ నోటుపుస్తకానికి వేయాలి. కొట్టివేతలు, తప్పిన కొలతలు, అనుకున్నది కాదని తేలిన ఫలితాలు అందులో ఉంటే మార్కులు పెరగాలే తప్ప తగ్గకూడదు. మూడు, ఇంట్లోనో వీధిలోనో ఆ పని తెలిసిన ఒక్కరితోనైనా పిల్లలు మాట్లాడి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి.

ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. బంకమట్టిలో ఇసుక పాలు ఎంత ఉండాలో కుమ్మరికి తెలుసు. తోలు ఎప్పుడు బిగుసుకుంటుందో డప్పు కొట్టేవాళ్లకు తెలుసు. చలికాలంలో ఇడ్లీ పిండి పులవడానికి ఎంతసేపు పడుతుందో అమ్మకు తెలుసు. వాళ్లలో చాలామంది బడి గడప తొక్కి ఉండరు. వాళ్ల పిల్లలు మాత్రం బడిలో కూర్చుని, సైన్స్ అంటే తమ ఇంటికి సంబంధం లేని ఇంగ్లిష్ మాటలని నమ్ముతున్నారు. కుమ్మరి కూతురు తన తండ్రి పనిని బడిలో ప్రశ్నగా నిలబెట్టి, కొలిచి, దానికి లెక్క చెప్పిన రోజున ఆ దూరం తగ్గుతుంది. తండ్రి మాటలో ఏదైనా తప్పని తేలితే, అదీ ఆ అమ్మాయే తేలుస్తుంది.

రాబోయే ఫిబ్రవరి 28కి స్కూళ్లు ఒక్క బల్లనైనా ఖాళీగా ఉంచవచ్చు. దాని మీద థర్మోకోల్ అక్కర్లేదు. ఒక కుండ, ఒక థర్మామీటర్, యాభైమంది రాసిన ఒక పట్టిక పెడితే చాలు. ముఖ్య అతిథి "ఇదేమిటి?" అని అడిగితే, కంఠస్థం చేయని జవాబు వస్తుంది.